ఓడలు రాని రేవు, ఓడలెక్కిన ఊరు

ఏటా వానకాలం చివర బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా రేడియోలో మా ఊరి పేరు వినిపించేది. "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది" అని మొదలుపెట్టి, "కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అని ముగించే ఆ ప్రకటన ఉత్తరాంధ్రలో పెరిగిన నా తరంవారికి కంఠతా వచ్చు. మిగతా జిల్లాలవారికి మా ఊరు తెలిసింది చాలావరకు ఈ దారిలోనే. ఉద్యోగరీత్యా నేను తెలంగాణలోనూ రాయలసీమలోనూ తిరిగిన రోజులలో, ఊరి పేరు చెప్పగానే "అయితే మీది పెద్ద ఓడరేవన్నమాట" అనేవారు ఎదురయ్యేవారు. నిజానికి నాకు ఊహ తెలిసేసరికే అక్కడ ఓడలు ఆగడం మానేశాయి. ప్రమాద సూచికను గమనించవలసిన ఓడ ఒక్కటీ లేకపోయినా, దానిని చూసి పడవలను పైకి లాక్కునే జాలరులు మాత్రం ఉన్నారు కనుక ఆ సూచిక వృథా అని నేననను. 2021 సెప్టెంబరులో వచ్చిన గులాబ్ తుపాను మా ఊరికి కొద్ది దూరంలోనే తీరం దాటింది.

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, ఒడిశా కొండలలో పుట్టిన వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్నది కళింగపట్నం. ఈ ఊరి చరిత్ర రాసేవారందరూ ప్రాచీన కళింగంతో మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. నదికి ఎగువన, తొలి గంగరాజుల రాజధానిగా పేరున్న ముఖలింగం ఉంది. మా ఊరికి పడమటగా, అదే నది ఒడ్డున, శాలిహుండం గుట్టమీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. ఆ శిథిలాలను 1919లో లోకానికి చూపించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయనను తలచుకుంటాం కాని, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆయన ఈ ప్రాంతపు రాళ్ళనూ శాసనాలనూ చదివినంత శ్రద్ధగా చదివినవారు తక్కువ. బౌద్ధ భిక్షువులు, వర్తకులు ఈ మొగ దగ్గరే ఓడలెక్కి తూర్పుదీవులకు వెళ్ళేవారని మా బడిలోనూ చెప్పేవారు. నా ఫిర్యాదల్లా ఒక్కటే: ఈ రాతలన్నీ శాలిహుండం గుట్ట దగ్గర ఆగిపోతాయి. అక్కడినుంచి ఒక్క గెంతుతో నేటి బీచ్‌కి, పర్యాటకానికి దూకుతాయి. మధ్యలో మా తాతముత్తాతలు చెమటోడ్చిన రేవు ఒకటి ఉండేదనే సంగతికి రెండు వాక్యాలు కూడా దక్కవు.

ఆ రేవును నేను చూసింది మా తాత మాటలలోనే. ఆయన రేవు పడవలలో తెడ్డు వేసే మనిషిగా చేరి, తర్వాత తండేలు, అంటే పడవను నడిపించే పెద్ద, అయ్యాడు. విశాఖ హార్బరును చూసిన కళ్ళతో కళింగపట్నం రేవును ఊహించుకోకూడదని ముందే చెప్పాలి. ఓడ వచ్చి ఆనుకోవడానికి గోడ గాని, లోపలికి వచ్చి దాక్కోవడానికి పాయ గాని లేదు. నది మొగ దగ్గర ఏటికేడూ ఇసుక మేటలు చోటు మార్చుకునేవి కాబట్టి లోతైన ఓడ నదిలోకి వచ్చే మాటే లేదు. పొగ ఓడలు కెరటాలు విరిగే వరుసకు చాలా అవతల, తెరిచిన సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకైనా మనిషైనా అక్కడికి పడవమీదే పోవాలి. "ఓరి గుంటడా, ఓడ మన కాడికి రాదురా, మనమే ఓడ కాడికి ఎల్లాల" అని తాత ఆ సంగతిని ఒక్క ముక్కలో తేల్చేవాడు.

ఆ పడవల నిర్మాణం గురించి ఆయన ఎంతసేపైనా చెప్పేవాడు, నేను ఎంతసేపైనా వినేవాడిని. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి నార తాళ్ళతో కుట్టేవారు. కుట్ల కింద గడ్డి పెట్టి నీరు కారకుండా చేసేవారు. మేకులు కొట్టిన పడవ కెరటంమీదినుంచి ఇసుకమీద పడితే పలకలు చీలిపోతాయి. కుట్టిన పడవ అయితే దెబ్బను ఒళ్ళంతా పంచుకుని వంగుతుంది, విరగదు. చెన్నపట్నం మొదలుకొని గోపాల్‌పూర్ దాకా హార్బరు లేని ప్రతి రేవులోనూ శతాబ్దాల తరబడి నడిచినవి ఈ కుట్టు పడవలే. దొరలు, వారి దొరసానులు, కలెక్టర్లు, సైనికులు, అందరూ మొదట ఈ నేలమీద కాలు పెట్టింది వాటిలోనుంచి దిగే. ఇంగ్లీషువారి ఓడలు ఎంత గొప్పవైనా చివరి అర్ధమైలు మాత్రం మా వాళ్ళ తెడ్లకు అప్పగించక తప్పేది కాదు. ఈ మాట చెప్పేటప్పుడు తాత మీసం సవరించుకునేవాడు.

కెరటాలు గుంపులు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని వచ్చి విరిగాక కాసేపు నీరు సర్దుకుంటుంది. ఆ సందు కోసం తండేలు పడవ వెనుక నిలబడి, పొడవాటి చుక్కాని తెడ్డు పట్టుకుని కాచుకుని ఉంటాడు. అతడు కేక వేసేదాకా తెడ్డు నీటిని తాకకూడదు; కేక వేశాక ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకూడదు. పడవ అడ్డం తిరిగిందా, బస్తాలూ మనుషులూ నీటిపాలే. పోయేటప్పుడు ధాన్యం, నువ్వులు, కొండలనుంచి దిగివచ్చిన కరక్కాయలు వేసుకుని పోయి, వచ్చేటప్పుడు కిరసనాయిలు డబ్బాలు, సీమగుడ్డ బేళ్ళు, బర్మా టేకు దుంగలు తెచ్చేవారు. దుంగలను పడవలో వేసేవారు కారు, నీటిలోకి దొర్లించి తాళ్ళతో కట్టి ఒడ్డుకు లాగేవారు. మా ఇంటి ద్వారబంధం ఆ టేకుదేనని తాత చెప్పేవాడు. అది ఆయన చేతికి ఎలా వచ్చిందో ఎన్నడూ చెప్పలేదు, మేమూ గుచ్చిగుచ్చి అడగలేదు.

సరుకుకంటె ఎక్కువగా మా రేవు మోసింది మనుషులను. ఆ మనుషులు పోయింది రంగానికి, అంటే రంగూనుకు. బర్మాలో వరి మిల్లులు, రేవు పనులు, రిక్షాలు మా వాళ్ళ చేతులమీద నడిచిన రోజులవి. పంటలు కోసి ధాన్యం ఇంటికి చేరాక, చేతిలో పనిలేని కాలంలో, మేస్త్రీలు ఊళ్ళలోకి దిగి బయానా ఇచ్చి మనుషులను పోగుచేసేవారు. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, ఇలా రేవు రేవునా ఆగుతూ పోయే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పొగ ఓడలలో డెక్కుమీద చాపలు పరచుకుని, గుడ్డలో కట్టుకున్న అటుకులూ ఎండుచేపలూ తింటూ బంగాళాఖాతం దాటేవారు. కొందరు రెండు మూడేళ్ళకు నాలుగు బంగారు కాసులతో తిరిగివచ్చి మేడ కట్టేవారు. కొందరు తిరిగి రాలేదు. తాత అన్నగారు రంగం రేవులో పనిచేశాడు. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలు కూలి పెంపు కోసం పని మానేస్తే, వారి స్థానంలో బర్మీయులను పెట్టుకోవడం, సమ్మె తీరగానే వారిని తీసేయడం, దానిమీద కొట్లాటలు చెలరేగి తెలుగువారు పెద్ద సంఖ్యలో చనిపోవడం జరిగాయి. ఆయన ఆ గొడవలలో బతికి బయటపడి, మళ్ళీ అక్కడే పనికి నిలిచాడు. చివరకు 1941 డిసెంబరులో జపానువారు రంగంమీద బాంబులు వేశాక, ఓడ టికెట్టు దొరకక, వేలాది మందితోపాటు అరకాను అడవులగుండా నడిచి వచ్చాడు. ఊరు చేరినా రెండేళ్ళపాటు మనిషి మామూలు కాలేదని మా నాయనమ్మ అనేది.

అప్పటికి రేవు కూడా మామూలుగా లేదు. దాని చావు ఒక్క రోజున రాలేదు. 1890లలో ఆమదాలవలస మీదుగా తూర్పుతీరపు రైలుమార్గం పడినప్పుడే మొదటి దెబ్బ తగిలింది. కెరటాలతో పోరాడి బస్తా బస్తాను ఓడకు చేర్చడంకంటె బండిమీద శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు తోలడం వర్తకుడికి తేలిక. రెండో దెబ్బ విశాఖపట్నం కొట్టింది. డాల్ఫిన్ నోస్ కొండ చాటున బురదనేలను తవ్వి, ప్రవేశద్వారం దగ్గర ఇసుకను ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి, ఏళ్ళ తరబడి కట్టిన హార్బరులోకి 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటిగా వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఓడే వచ్చి గోడకు ఆనుకునే చోటు దొరికాక, ఇక పడవలతో పని ఏముంది? భీమిలికీ, మాకూ, బారువకూ ఇంచుమించు ఒకే గతి పట్టింది. రంగం ఓడలు నడిచినంతకాలం మాత్రం రేవు ఏదోలా ప్రాణం నిలుపుకుంది. యుద్ధంతో అవీ పోయాయి. నా చిన్నతనంలో మిగిలినవి లైట్‌హౌసు, కప్పు కూలిన గిడ్డంగుల గోడలు, వాటిమధ్య మా గోలీలాట.

నేను చెప్పదలచుకున్నది అసలు ఇక్కడినుంచి మొదలవుతుంది. రేవు మూతపడితే ఊరు సముద్రానికి వీపు తిప్పి పొలాలవైపు తిరగాలి. మా ఊరు అలా చేయలేదు. తెడ్లు పట్టిన ఇళ్ళనుంచే పిల్లలు బయలుదేరి, విశాఖ దారి పట్టి, యుద్ధనౌకలెక్కారు. ఇది ఎవరో ప్రణాళిక వేసి చేసిన పని కాదు.

దానికి కారణాలు యుద్ధకాలంలో ఉన్నాయి. 1939 డిసెంబరులో విశాఖలో రాయల్ ఇండియన్ నేవీ 'సర్కార్స్' పేరుతో ఒక స్థావరం తెరిచింది. ఉత్తర సర్కారులనే పాత పేరునుంచి తీసుకున్న పేరు అది, ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌గా ఇప్పటికీ నడుస్తోంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. అదే రోజులలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో సుమారు 20 సరుకు ఓడలను ముంచింది. తీరం పొడవునా ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయి, జనం బండ్లు కట్టుకుని లోపలి ఊళ్ళలో చుట్టాల ఇళ్ళకు చేరారు. మా వాళ్ళు పాతపట్నం వైపు పోయి, కొన్ని నెలలు అక్కడే తలదాచుకున్నారట. తిరిగివచ్చాక నాయనమ్మకు సముద్రంమీద నల్లగా ఏది కనిపించినా జపాను ఓడే. తాత మాత్రం లెక్క వేరేగా వేశాడు. దొరల కంపెనీ ఓడ వచ్చినా రాకపోయినా రాజుగారి ఓడ ఎప్పటికీ ఉంటుందని, అందులో నెల జీతం, తిండి, బట్ట ఉంటాయని, ఆ మాట ఇంట్లో పదిమంది ముందు అన్నాడని నాన్న చెప్పేవాడు.

దేశ విభజన జరిగినప్పుడు నావికులకు శిక్షణనిచ్చే పెద్ద కేంద్రాలు కరాచీలో ఉండిపోయాయి. పడుచుపిల్లలను చేర్చుకుని నావికులుగా తీర్చే శిక్షణ కేంద్రాన్ని మన ప్రభుత్వం విశాఖలో పెట్టింది. మా నాన్న 1949లో అందులో చేరాడు. వయసు పదహారు, చదువు ఎనిమిదో తరగతి, అప్పటికి రైలెక్కడం ఎరగడు. ఆమదాలవలస స్టేషనుదాకా తాత ఎడ్లబండిమీద దించాడు. విశాఖలో మొదటి వారం ఇతర రాష్ట్రాల పిల్లలు బూట్లు వేసుకుని నడవడం నేర్చుకుంటూ ఉంటే, పడవ తెడ్డు పాఠంలో మా నాన్నకు మాత్రం నేర్పవలసింది ఏమీ లేకపోయిందని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. అయినా ఆయనను తెడ్డు పనికి వేయలేదు. స్టోకరుగా, అంటే బాయిలర్ల పని చూసే మనిషిగా ఎంచి, లోనావలాలోని ఐ.ఎన్.ఎస్. శివాజీకి పంపారు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు సముద్రం కనిపించని బాయిలర్ గదిలో తన సర్వీసంతా గడపవలసి రావడం మాకు విచిత్రంగా తోచేది. ఆయనకు తోచలేదు. సెలవుమీద వచ్చినప్పుడు మండే ఎండలో వాకిట్లో పడుకుని "ఇక్కడ చల్లగా ఉంది" అనేవాడు.

ఆయన నల్ల ట్రంకుపెట్టె మా ఇంట్లో ఒక దేవుడి గది లాంటిది. మూతమీద తెల్లరంగుతో పేరు, నంబరు. లోపల గంట ఆకారంలో విచ్చుకునే తెల్ల పంట్లాములు, ఓడ పేరు బంగారు అక్షరాలతో ఉండే టోపీ పట్టీలు. ఓడ మారినప్పుడల్లా పాత పట్టీని అమ్మ దాచేది. ఢిల్లీ, మైసూరు అనే పేర్లు నాకు నగరాలుగాకంటె ముందు ఓడలుగానే తెలిశాయి. ఆయన తర్వాత మా వీధిలో ఇంకొకరు, ఆ పక్క బందరువానిపేటలో మరికొందరు చేరారు. సెలవుమీద వచ్చిన ప్రతివాడూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను పోగుచేసి, ఎత్తూ ఛాతీ కొలిచి, విశాఖ రిక్రూటింగుకు ఏ రోజున పోవాలో చెప్పేవాడు. ఒకప్పుడు రంగం మేస్త్రీ చేసిన పనే, ఈసారి బయానా లేకుండా, అప్పు లేకుండా జరిగింది.

1968 మార్చి 1న విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళం ఏర్పడింది. రష్యావారి సాయంతో డాక్‌యార్డు పెరిగింది. కల్వరి తరగతి జలాంతర్గాములు వచ్చాయి. వేసవి సెలవులలో మమ్మల్ని నాన్న నేవీ క్వార్టర్సుకు తీసుకుపోయేవాడు. అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు రావడం, కాంటీనులో వరుసలో నిలబడి సబ్బులు కొనడం, పంజాబీ పిల్లలతో హిందీలో కొట్లాడడం, ఇవన్నీ మాకు కొత్త. మా ఊరి రేవు చచ్చిందని తాత బాధపడినప్పుడల్లా నాకు విశాఖ క్వార్టర్సు కళ్ళముందు మెదిలి, ఆ బాధ పూర్తిగా అర్థమయ్యేది కాదు.

1971 వచ్చేసరికి నాన్న విక్రాంత్‌లో ఉన్నాడు. దేశానికి ఉన్న ఏకైక విమానవాహక నౌక అది. దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళు వచ్చి పనికి రాకుండా పోవడంతో, మిగతా మూడింటితోనే యుద్ధానికి సిద్ధం చేశారు. ఆవిరి తగ్గితే ఓడ వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే చిన్న డెక్కుమీదినుంచి విమానం లేవడం కష్టమవుతుంది. ఈ లెక్క ఇంజను గదిలో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. మాకు మాత్రం తెలియదు. నాన్న దగ్గరనుంచి ఉత్తరం వచ్చి చాలా వారాలు అయిందన్నది ఒక్కటే మాకు తెలిసిన సంగతి. ఓడ ఎక్కడున్నదీ రాయకూడదు కనుక ఆయన ఉత్తరాలలో ఎప్పుడూ క్షేమసమాచారాలే ఉండేవి. అవి కూడా ఆగిపోయాయి.

విశాఖలో కూరగాయల వ్యాపారం చేసే మా మేనమామ ఆ నవంబరులో మా ఊరు వచ్చాడు. నేవీ కాంట్రాక్టర్లు మాంసం, కూరగాయలు విపరీతంగా కొంటున్నారని, పెద్ద ఓడ వచ్చిందని పూర్ణా మార్కెట్టంతా అనుకుంటున్నారని చెప్పాడు. పెద్ద ఓడ అంటే విక్రాంతే. అమ్మ ముఖం వెలిగింది. ఇంటికి సున్నం వేయించింది. అరిసెలకు బియ్యం నానపోసింది. నాన్న రాలేదు. "ఓడొచ్చినాదట కదా, మరి మనిషేడీ?" అని దారిన పోయే నేవీవాళ్ళ ఆడవాళ్ళనల్లా అడిగేది. కొందరు ఆమెను ఓదార్చారు, కొందరు నవ్వారు. మామ మాట పట్టుకుని ఇంత హడావిడి చేసినందుకు నాయనమ్మ చీవాట్లు పెట్టింది.

సంగతి ఏమిటో మాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. విక్రాంత్ ఆ రోజులలో విశాఖలో లేనే లేదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు దానిని రహస్యంగా అండమాన్ దీవుల ఉత్తరపు కొసన ఉన్న పోర్ట్ కార్న్‌వాలిస్‌కు పంపేశారు. దానిని ముంచడానికి పాకిస్థాను ఘాజీ అనే జలాంతర్గామిని పంపిందని తెలిసి, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మడానికి ఆయన ఒక నాటకం ఆడించారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను బయటికి పంపి, అది విక్రాంత్ అనిపించేలా వైర్‌లెస్ సందేశాలు నడిపించారు. ఒక నావికుడు జబ్బుపడ్డ తన తల్లి క్షేమం కనుక్కుంటున్నట్లుగా మామూలు సందేశం కూడా ఒకటి పంపించామని ఆయన తర్వాత రాసుకున్నారు. విశాఖ కాంట్రాక్టర్ల దగ్గర తిండిసరుకులు కుప్పలుగా కొనిపించడం కూడా ఆ నాటకంలో భాగమే. శత్రువు కోసం పన్నిన వలలో కళింగపట్నంలోని ఒక ఇల్లాలు కూడా పడిందని కృష్ణన్‌గారికి తెలిసే అవకాశం లేదు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటేవేళకు విశాఖ హార్బరు ముంగిట ఘాజీ పేలి మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ మిగలలేదు. రాజ్‌పుత్ వేసిన, నీటిలోపల పేలే డెప్త్ ఛార్జీలవల్లే మునిగిందని మన నౌకాదళం, అది తానే పరచిన మైనువల్లో లోపలి ప్రమాదంవల్లో పోయిందని పాకిస్థాను ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాయి. తెల్లవారాక నీటిమీద తేలుతున్న నూనె తెట్టును, ఒక లైఫ్ జాకెట్టును ముందుగా చూసినవారు జాలరులే. అదే డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్‌బజారుమీద, చిట్టగాంగుమీద దాడి చేశాయి. ఆ వార్త మా ఇంట్లో రేడియోలో విన్నప్పుడు అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అయితే మరి విశాఖలో ఆ కూరలన్నీ ఎవులు తిన్నారు?" అని. అది తెలివైన ప్రశ్న అని, గూఢచారులకు కూడా అదే ప్రశ్న ముందుగా తోచి ఉంటే కథ మరోలా నడిచేదని నాన్న తర్వాత అంటూ ఉండేవాడు.

ఆయన సంక్రాంతికి వచ్చాడు. చేతులమీద కాలిన మచ్చలు కొత్తవి కొన్ని ఉన్నాయి. యుద్ధం ఎలా జరిగిందని ఊరంతా వచ్చి అడిగితే "నాకేం తెలుసు, నేను కిందున్నాను" అన్నాడు. నిజమే, విమానాలు లేవడం, దిగడం ఆయన కళ్ళతో చూడలేదు. నెత్తిమీద చప్పుడుగా విన్నాడు. మూడు బాయిలర్ల ఆవిరిని చాలినంతగా నిలపడమే ఆయన చేసిన యుద్ధం. ఆ ఏటినుంచి ఊళ్ళో ఆయనను అందరూ 'విక్రాంతు' అని పిలిచేవారు. తాత ఒక్కడే ఆ పేరు వాడలేదు. కొడుకును పిలవడానికి ఓడ పేరెందుకు అనేవాడు.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పవచ్చు. నాన్న చీఫ్ పెట్టీ ఆఫీసరుగా దిగిపోయి, కొన్నేళ్ళు డాక్‌యార్డులో పనిచేసి, ఊరికి తిరిగివచ్చాడు. నావిక శిక్షణ విశాఖనుంచి ఒడిశాలోని చిల్కా సరస్సు ఒడ్డుకు మారింది. మా ఊరి కుర్రాళ్ళకు దారి దక్షిణానికి బదులు ఉత్తరానికి తిరిగింది, అంతే. పాత విక్రాంత్‌ను 1997లో విరమింపజేశారు. కొన్నాళ్ళు బొంబాయిలో మ్యూజియంగా ఉంచి, చివరకు 2014లో తుక్కుగా విడదీశారు. ఆ వార్త నాన్న చూడలేదు, అంతకు ముందే పోయాడు. విశాఖ బీచ్‌లో 2002నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని మాత్రం ఆయన చూశాడు. టికెట్టు కొని లోపలికి వెళ్ళి, గైడు చెబుతున్నది వినకుండా ఇంజను గదిలోనే నిలబడిపోతే, వెనుకవాళ్ళు కదలమని గొణిగారు.

నేవీలో చేరలేకపోయినవాళ్ళ సంగతి కూడా చెప్పకపోతే ఊరి చరిత్ర సగమే అవుతుంది. ఎన్నో కిలోమీటర్ల తీరమున్న జిల్లాలో మరపడవలు కట్టుకునే హార్బరు లేక, మా జాలరులు గుజరాత్‌లోని వెరావల్ పోయి, అక్కడి యజమానుల బోట్లలో నెలల తరబడి పనిచేస్తారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులను సరిహద్దు దాటారని పాకిస్థాను పట్టుకుపోయింది. వారిలో 20 మంది వాఘా దగ్గర ఈ నేలమీద మళ్ళీ కాలు పెట్టింది 2020 జనవరిలో. సొంత సముద్రం ఇంటి ముందు ఉండగా దేశానికి ఆ చివరకు పోయి చేపలు పట్టడం ఏమిటని టీవీలో ఎవరో ఆశ్చర్యపోయారు. రేవు లేని తీరంలో సముద్రం ఎంత ఉన్నా పని ఉండదని వారికి తెలియదు. నూరేళ్ళ కిందట రంగం పోయినవారు కూడా సముద్రాన్ని వదిలి పోలేదు, పని ఉన్న సముద్రానికి పోయారు.

ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త ఓడరేవు కడుతున్నారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. లోపలికి ఓడలు వచ్చి ఆగే అసలైన హార్బరు శ్రీకాకుళం తీరానికి ఇదే మొదటిది కాబోతోంది. మా ఊరివాళ్ళలో కొందరికి అది కళింగపట్నానికే రావలసిందని అక్కసు ఉంది. వంశధార మొగ ఇసుకను ఎరిగినవాడిగా నాకు ఆ అక్కసు లేదు.

మా తమ్ముడి మనవడు అగ్నివీర్‌గా నేవీకి ఎంపికయ్యాడు. ఆమదాలవలసలో రైలెక్కి బాలుగావ్‌లో దిగి చిల్కా చేరాలి. ఏ ఓడ కావాలని అడిగితే తడుముకోకుండా విక్రాంత్ అన్నాడు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ అది. దానిలో బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. ముత్తాత చేసిన పని చేద్దామన్నా అక్కడ ఆ పని లేదని చెబితే వాడు పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నది వాడి తల్లి, అదీ వేరే సంగతిని. నాలుగేళ్ళు కాగానే నలుగురిలో ఒకడికి మించి ఉంచుకోరని ఆమె ఎక్కడో చదివింది. సామాను సర్దుతూ నావైపు తిరిగి, "పెద్దమావా, నాలుగేళ్ళకి పంపేస్తే ఈడికి మూలపేట రేవులో పనిత్తారేటి?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా వాడే అందుకున్నాడు. "ముందు ఎల్లనీయే అమ్మా!"